ఐదు రోజుల్లో ఏడు చేనేత ఊళ్లు వద్దు, రెండు చాలు

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. జనవరిలో డల్లాస్ నుంచి మీ చెల్లెలి కుటుంబం వస్తోంది. మీతో కలిపి ఎనిమిది మంది, అందులో ఇద్దరు బడి పిల్లలు. చేతిలో ఉన్నవి ఐదు రోజులు. పోచంపల్లి, గద్వాల, నారాయణపేట, మంగళగిరి, వెంకటగిరి, ఉప్పాడ, పొందూరు అన్నీ చూడాలి, ఏ వరసలో వెళ్తే బాగుంటుంది అని అడిగారు. "చీరలు కొనడానికి కాదు, నేత నేర్చుకోవడానికి" అని చివర్లో రాశారు చూడండి, ఆ మాట కోసమే ఇంత పొడుగు జవాబు రాస్తున్నాను.

వరస చెప్పను. ఏడింట్లో ఐదు ఈసారికి వదిలేయండి. పోచంపల్లి ప్రాంతం ఒకటి, పొందూరు ఒకటి పెట్టుకోండి. దూరాల సంగతి మీకే తెలుసు. గద్వాల హైదరాబాదుకు దక్షిణాన ఉంది, వెంకటగిరి తిరుపతి దగ్గర, పొందూరు శ్రీకాకుళం పక్కన. ఏడూ తిరిగితే ఐదు రోజుల్లో సగం కారు కిటికీలోంచే గడిచిపోతుంది. కానీ నేను వద్దంటున్నది దూరం గురించి కాదు. ఊరికి గంటన్నర చొప్పున చూస్తే ఏడు ఊళ్లలోనూ మీకు కనిపించేది ఒకటే: గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్న మనిషి, దారాన్ని మోస్తూ అటూ ఇటూ పరుగెత్తే నాడె, టకటక చప్పుడు. అందరూ వీడియో తీసుకుంటారు, టీ తాగుతారు, చాప మీద చీరలు పరుస్తారు, బండి ఎక్కుతారు. గద్వాలకూ ఉప్పాడకూ తేడా ఏమిటని తిరిగొచ్చాక పిల్లలు అడిగితే చెప్పడానికి ఏమీ మిగలదు. ఒక ఊరి బట్టను ఇంకో ఊరి బట్ట నుంచి వేరు చేసే పని చాలావరకు మగ్గం ఎక్కకముందే జరిగిపోతుంది. ఆ పని నెమ్మది, గంటన్నరలో కనిపించదు.

మాది నల్లగొండ వైపు మగ్గం ఉన్న ఇల్లు. మా అమ్మ ఆసు పోస్తుంటే, అంటే నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పుతుంటే, పక్కన కూర్చుని బడి పాఠాలు చదువుకున్నవాణ్ణి. పదహారేళ్లుగా చిన్న చిన్న బృందాలను నేత ఊళ్లకు తీసుకెళ్తున్నాను. ఎనిమిది మందికి మించి తీసుకెళ్లను. మొదట్లో ఆ నియమం లేదు. ఒకసారి ఇరవై రెండు మందితో బస్సు వేసుకుని వెళ్లాం. పన్నెండడుగుల గదిలో మగ్గం, మిగిలిన చోట మనుషులు. ఒకావిడ భుజానికున్న సంచి బకిల్ పడుగుకు, అంటే మగ్గం మీద పొడుగునా బిగించిన దారాలకు, తగిలింది, దారాలు తెగాయి. నేతన్న నవ్వుతూ "ఏం కాదు, అతుక్కుంటా" అన్నాడు. మేము వెళ్లిపోయాక సగం పూట ఆ పోగులే అతుకుతూ కూర్చున్నాడని వారం తర్వాత వాళ్లింటావిడ చెప్పింది. ఆ సగం పూట మజూరీ మేమివ్వలేదు, వాళ్లూ అడగలేదు. తర్వాత వెళ్లి ఇచ్చాను గానీ ఆ సంగతి నన్ను వదల్లేదు. నేను పెట్టుకున్న పద్ధతులన్నీ ఆ రోజు నుంచి వచ్చినవే.

ముందు పోచంపల్లి. అక్కడికి మూడు రోజులు ఇవ్వండి. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి నూరెకరాలు ఇచ్చిన ఊరు అది, భూదాన్ పోచంపల్లి అన్న పేరు అందుకే. 2021లో ప్రపంచ పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల జాబితాలో చేర్చింది. దాంతో వచ్చేవాళ్లు పెరిగారు, వాళ్లకోసం దుకాణాలు పెరిగాయి. మీ డ్రైవరు మిమ్మల్ని నేరుగా మెయిన్ రోడ్డు మీది పెద్ద షోరూముకే తీసుకెళ్తాడు. అది తప్పని కాదు, కానీ మీకు కావలసింది అది కాదు. "ఆసు పోసే ఇంటికి, చిటికి కట్టే ఇంటికి, రంగులద్దే ఇంటికి తీసుకెళ్లండి" అని అడగండి. ఈ మాటలు వాడితే ఎదుటివాళ్లు మీతో మాట్లాడే తీరే మారిపోతుంది. చౌటుప్పల్ దగ్గర కొయ్యలగూడెంలో సహకార సంఘం ఉంది, అక్కడైనా మొదలుపెట్టవచ్చు. ఏ ఊరైనా సరే, ఒకే ఇల్లు, వరసగా రెండు రోజులు.

రెండు రోజులు ఎందుకో చెప్తాను. పోచంపల్లిలో నేసేది ఇక్కత్. మామూలు చీరలో రంగు దారాలను అల్లి బొమ్మ తెస్తారు, లేదా తెల్ల బట్ట మీద బొమ్మ అద్దుతారు. ఇక్కత్‌లో బట్ట పుట్టకముందే దారం మీద బొమ్మ ఉంటుంది. నేసేటప్పుడు ఆ దారం సరిగ్గా తన చోట పడితేనే బొమ్మ తేలుతుంది. దీనికి పేక నూలును, అంటే బట్టకు అడ్డంగా వెళ్లే దారాన్ని, ముందు ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంలో వరసగా మేకులు, ఎదురుగా ఒక్క మేకు. దారాన్ని ఆ ఒక్క మేకు నుంచి వరసలోని మేకుకు, మళ్లీ వెనక్కు, మళ్లీ పక్క మేకుకు తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకు సుమారు 9,000 సార్లు చేయి అలా తిరగాలని చెప్తారు. మా అమ్మ కుడి భుజం రాత్రిళ్లు ఎందుకు నొప్పెట్టేదో పెద్దయ్యాక గానీ నాకు అర్థం కాలేదు. ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం ఇలాగే తన తల్లి బాధ చూసి 1999లో ఆసు యంత్రం తయారుచేశారు, దానికి తల్లి పేరే పెట్టారు, లక్ష్మి అని. 2017లో పద్మశ్రీ వచ్చింది. మీరు వెళ్లే ఇంట్లో ఆ యంత్రమే ఉండొచ్చు. అది చూసి "అయ్యో, చేత్తో చేయట్లేదా" అనకండి. దయచేసి ఆ మాట ఎవ్వరూ అనకుండా చూడండి. మోటారు తిరుగుతున్నది ఆసు మీద మాత్రమే, బట్ట చేత్తోనే నేస్తున్నారు, ఒక ఆడమనిషి భుజం బతికింది.

ఆసు అయ్యాక చిటికి. గళ్ల కాగితం మీద గీసిన నమూనా పక్కన పెట్టుకుని, చట్రం మీద బిగించిన నూలుకు ఎక్కడ రంగు అంటకూడదో అక్కడ సైకిల్ ట్యూబు కోసిన రబ్బరు పట్టీలతో కడతారు. రంగులో ముంచుతారు, ఆరబెడతారు, కొన్ని కట్లు విప్పుతారు, కొత్తవి కడతారు, మళ్లీ ముంచుతారు. ఎన్ని రంగులుంటే అన్నిసార్లు. పిల్లలకు ఈ పని బాగా నచ్చుతుంది. తెల్ల నూలు చిలప (దారపు చుట్ట) ఒకటి ముందే అడిగి ఉంచండి, వాళ్ల చేత కట్టించి, ముంచి, మర్నాడు ఆరాక విప్పించండి. తాము కట్టిన చోట తెలుపు అలాగే ఉండి, అంచుల్లో రంగు కొద్దిగా లోపలికి పాకి ఉంటుంది. ఇక్కత్ బొమ్మల అంచులు గీత గీసినట్టు ఉండక కాస్త చెదిరినట్టు ఎందుకుంటాయో ఇక వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. రెండు రోజులు కావాలన్నది ఇందుకే. నూలు ఆరడానికి రాత్రి కావాలి.

ఒక నిజం కూడా పిల్లల ముందు దాచకండి. అక్కడ వాడే రంగులు చాలావరకు రసాయన రంగులే. "అంతా చెట్ల రంగులు" అని ఎవరైనా చెబితే రంగు పెట్టే గది చూపించమని మర్యాదగా అడగండి, చాలు.

రెండో రోజు మగ్గం. రంగుల పేకను కండెలకు, అంటే నాడెలో పెట్టే చిన్న గొట్టాలకు, చుట్టి వరస తప్పకుండా పెట్టుకుంటారు, ఎందుకంటే మూడో కండె ముందు నాలుగోది నాడెలో వేస్తే బొమ్మ చెడిపోతుంది. ప్రతి పోగూ వేశాక నేతన్న కన్ను అంచు మీదకు పోతుంది, దారం వెంట్రుకవాసి జరిగితే వేలితో లాగి సరిచేస్తాడు. ఆ వేలిని చూడండి, నాడెను కాదు. ఉదయం మీరు వెళ్లగానే బట్ట ఎక్కడిదాకా వచ్చిందో టేపుతో కొలిచి పుస్తకంలో రాయించండి, సాయంత్రం మళ్లీ కొలవండి. ధర ఎందుకంత అన్న ప్రశ్నకు నా దగ్గర ఇంతకంటే మంచి జవాబు లేదు.

మూడో రోజు పుట్టపాక. సంస్థాన్ నారాయణపురం మండలం, పోచంపల్లికి దూరమేమీ కాదు. ఈ ఊరి కోసమైనా మీరు రావాలి. ఇక్కడ తేలియా రుమాలు నేస్తారు. దీని పాత ఇల్లు చీరాల. అక్కడి నుంచి ఒకప్పుడు ఈ రుమాళ్లు అరబ్ దేశాలకు ఓడల్లో పోయేవి, తలపాగాలుగా చుట్టుకునేవాళ్లు. చీరాలలో ఆ నేత అడుగంటింది, పుట్టపాకలో నిలబడింది. నూలును ఆముదం కాయల బూడిద కలిపిన నీళ్లలో, నూనెలో రోజుల తరబడి నానబెట్టి, పిసికి, ఎండబెడుతూ ఉంటారు. దాంతో నూలు మెత్తబడుతుంది, రంగును గట్టిగా పట్టుకుంటుంది, ఉతికినా నూనె వాసన పూర్తిగా పోదు. పేరు తేలియా అయింది అందుకే. పడుగుకూ పేకకూ రెండింటికీ చిటికి కట్టి, ఎరుపు, నలుపు, తెలుపు మూడే రంగుల్లో చతురస్రాల లోపల చతురస్రాలు తెస్తారు. పడుగు మీది బొమ్మ, పేక మీది బొమ్మ దాటే చోట సరిగ్గా కలవాలి. పాత రుమాళ్లలో సింహాలు, ఏనుగులే కాదు, విమానాలు, గడియారాలు కూడా నేశారు. ఆ కాలంలో కొత్తగా కంటపడ్డ వస్తువులు అవి. ఈ ఊరివాళ్లే గజం గోవర్ధన 2011లో, గజం అంజయ్య 2013లో పద్మశ్రీ అందుకున్నారు. 2020లో తేలియా రుమాలుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, పోచంపల్లి ఇక్కత్‌కు 2005లోనే ఉంది.

ఆ రాత్రి రైలెక్కి శ్రీకాకుళం రోడ్డులో దిగండి. మిగిలిన రెండు రోజులు పొందూరు.

పోచంపల్లి తర్వాత గద్వాల కాకుండా పొందూరు ఎందుకన్నానంటే, పోచంపల్లిలో మీరు నూలుకు రంగు రావడం చూశారు, ఆ నూలు మాత్రం మిల్లు నుంచి వచ్చింది. పొందూరులో పత్తి నూలు కావడం చూస్తారు. సన్న ఖాదీకి కొండపత్తి, పునాస పత్తి వాడతారు. గింజ వేరు చేయకముందే పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. సన్నని పళ్లు దగ్గర దగ్గరగా ఉన్న ఆ దవడ ఎముకకు చిన్న కర్ర పిడి కట్టుకుని, గింజ చుట్టూ ఉన్న పోగులను మెల్లగా నిటారుగా దువ్వుతూ, చెత్తను రాలుస్తారు. లోహపు దువ్వెన పెడితే పోగు తెగుతుందని, దీనికి సాటి ఇంకోటి దొరకలేదని ఆ పని చేసే అమ్మలే చెప్తారు. తర్వాత గింజ తీయడం, ఏకడం (పత్తిని పొరలుగా విడదీయడం), ఏకులు (వడకడానికి పత్తి వత్తులు) చుట్టడం, ఒంటి కదురు రాట్నం మీద వడకడం. దాదాపు అన్నీ ఆడవాళ్ల చేతుల మీదే, వాళ్లలో ఎక్కువమంది వయసు మళ్లినవాళ్లు.

నూరో నంబరు నూలు అంటే ఏమిటో పిల్లలకు అక్కడే లెక్క కట్టించండి. ఒక పౌను పత్తిలో 840 గజాల చిలపలు ఎన్ని వస్తే అది ఆ నూలు నంబరు. నూరో నంబరంటే 84,000 గజాలు, దాదాపు 77 కిలోమీటర్లు. అర కిలో కూడా లేని పత్తి నుంచి, రాట్నం ముందు కూర్చున్న ఒక పెద్దావిడ వేళ్ల మధ్య నుంచి, విశాఖ దారిలో చాలా దూరం పోయేంత దారం. ఈ లెక్క చెప్పినప్పుడల్లా గదిలో మాటలు ఆగిపోవడం చూశాను.

పొందూరులో ఆంధ్ర సన్న ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం ఉంది, 1949 నుంచి పనిచేస్తోంది. ముందు వాళ్లకు ఫోన్ చేసి, ఎనిమిది మంది వస్తున్నామని, వడికేవాళ్ల దగ్గర ఒక పూట కూర్చోవాలనుకుంటున్నామని చెప్పండి. చెప్పకుండా వెళ్తే బట్టల దుకాణం చూసి వచ్చేస్తారు.

గద్వాల, ఉప్పాడ గురించి రెండు మాటలు, వచ్చేసారి కోసం. గద్వాలలో ఒంటి భాగం నూలు, అంచూ కొంగూ పట్టు. రెండింటినీ కలిపే కుప్పడం పని కోసమే అక్కడికి వెళ్లాలి. అంచుకొక నాడె, మధ్యకొకటి, మళ్లీ అంచుకొకటి. ఉప్పాడ, వెంకటగిరి రెండింట్లోనూ జాందానీ పనే, చిన్న చిన్న కండెలతో ఒక్కో పువ్వును చేత్తో అల్లుతూ పోవడం. మంగళగిరి విజయవాడ వెళ్లినప్పుడు ఒక పూటలో చూడొచ్చు.

ఇక డబ్బు. మీరు దీని గురించి ఏమీ అడగలేదు, చాలామంది అడగరు. మీరు కూర్చున్నంతసేపూ ఆ ఇంట్లో పని మందగిస్తుంది. నేతపనిలో నెలజీతం ఉండదు, నేసిన బట్టకే మజూరీ. మనతో మాట్లాడిన గంట వాళ్లకు సున్నా గంట. అందుకే నేను ముందురోజే అడుగుతాను: ఇంట్లో ఎంతమంది పనిచేస్తారు, రోజుకు ఒక్కొక్కరికి ఎంత పడుతుంది అని. దానికి రెట్టింపు లెక్కన, అందరికీ, వెళ్లిన రోజు ఉదయమే ఇస్తాను. ఆసు పోసే కోడలికి, కండెలు చుట్టే ముసలమ్మకు కూడా, విడివిడిగా, వాళ్ల చేతికే. ఇంటి పెద్దకు మొత్తం ఇచ్చేస్తే ఆడవాళ్ల పని మళ్లీ లెక్కలోకి రాకుండా పోతుంది. 2019-20 చేనేత గణనలో దేశం మొత్తం మీద ఈ పనిలో ఉన్న సుమారు 35 లక్షల మందిలో 70 శాతానికి పైగా ఆడవాళ్లే. ఫొటోల్లో మాత్రం ఎప్పుడూ మగ్గం మీది మగమనిషే.

కొనడం దీనికి సంబంధం లేని వేరే సంగతిగా పెట్టుకోండి. "ఇంతసేపు చూపించారు, ఒకటన్నా కొనకపోతే ఎలా" అనే ఇబ్బంది ఇటూ వద్దు, అటూ వద్దు. మజూరీ ఇచ్చేశారు కాబట్టి నచ్చితేనే కొనండి. కొంటే మగ్గం పక్కన బేరం ఆడకండి. చాలా ఇళ్లలో మగ్గం మీది చీర నేతన్నది కాదు, నూలు ఇచ్చిన ఆసామిది. దాన్ని అమ్మమని నేతన్నను ఒత్తిడి పెడితే అతనికీ ఆసామికీ మధ్య తగవు పెట్టినవాళ్లం అవుతాం. సొంతంగా నేసుకునేవాళ్ల దగ్గరో, సంఘం దుకాణంలోనో తీసుకోండి. ఇక్కత్ అని అద్దకం బట్ట అంటగడతారని భయముంటే తిరగేసి చూడండి. ఇక్కత్ రెండు వైపులా ఒకేలా ఉంటుంది, అద్దకం వెనక వైపు వెలిసినట్టు ఉంటుంది. అంచు పొడుగునా సన్నని సూది బెజ్జాలు కనిపిస్తే అది లోపం కాదు, నేసేటప్పుడు బట్ట ముడుచుకోకుండా చాచి పట్టిన కర్ర మొనల గుర్తులు.

ఫొటోలు అడిగి తీయండి. గళ్ల కాగితం మీది నమూనాలను మాత్రం అడిగినా తీయకండి. మొహమాటానికి వాళ్లు సరే అంటారు. నాతో వచ్చిన ఒకాయన తీసిన నమూనా ఫొటో చేతులు మారి, పండక్కి ముందే అదే బొమ్మ అద్దకం చీరల మీద మూడో వంతు ధరకు అంగడిలో కనబడింది. ఆ నమూనా గీసినతను మళ్లీ నన్ను ఇంటికి పిలవడానికి రెండేళ్లు పట్టింది.

ఇంకో మాట, ఇది మీ చెల్లెలి కుటుంబానికి ముందే చెప్పండి. ఆ ఇంటి అబ్బాయి హైదరాబాదులో ఏదో ఆఫీసులో పనిచేస్తుంటాడు, సెలవుకు వచ్చి ఉంటాడు. "ఇంత గొప్ప కళ, నువ్వు వదిలేయకూడదు" అని అతనితో అనకండి. నేనూ మగ్గం వదిలి చదువుకున్నవాణ్ణే. ఆ మాట నాతో అన్నవాళ్లెవరూ మగ్గం గుంటలో పదేళ్లు కూర్చోలేదు. ఏం చదివావు, మగ్గం పని ఎంతవరకు వచ్చు అని అడగండి. చాలాసార్లు అతనే లేచి వెళ్లి పాత నమూనాల కట్ట తెచ్చి విప్పుతాడు.

తేదీల సంగతి. జనవరి అన్నారు కదా, నేతకు మంచి కాలమే. వానాకాలంలో గుంటల్లోకి నీరు ఊరుతుంది, రంగు ఆరదు. కానీ సంక్రాంతి, కనుమ, ముక్కనుమ అయ్యాకే పెట్టుకోండి. పండక్కి ముందు వారం వాళ్లకు ఊపిరి తీసుకునే తీరిక ఉండదు, పండగ రోజుల్లో మగ్గం ఆగుతుంది. అమావాస్య కూడా చూసుకోండి, చాలా ఊళ్లలో ఆ రోజు నేయరు. వెళ్లేటప్పుడు ఉంగరాలు, గాజులు, వేలాడే చున్నీలు పడుగు దగ్గరకు తేవద్దు. సంచులు గుమ్మం బయటే. మధ్యాహ్నం భోజనం వాళ్లింట్లోనే కావాలంటే ముందురోజు చెప్పి, సరుకుల డబ్బు ముందే ఇవ్వండి, లేదా డబ్బా తీసుకెళ్లి వాళ్లతో కలిసి తినండి. ఇళ్లు చిన్నవి, ఎనిమిది మందికి మరుగుదొడ్డి ఇబ్బంది అవుతుంది. పోచంపల్లిలో పర్యాటక కేంద్రం ఉంది, అక్కడ చూసుకుని బయల్దేరండి. పెద్దవాళ్లకు నేల మీద కూర్చోవడం కష్టమైతే మడత స్టూళ్లు రెండు కారులో వేసుకోండి.

ఎనిమిది మందీ ఒకేసారి గదిలోకి వెళ్లకండి. నలుగురు మగ్గం దగ్గర, నలుగురు ఆసు దగ్గర, గంట తర్వాత మార్చుకోండి. పిల్లలిద్దరినీ చెరో గుంపులో వేస్తే సాయంత్రం ఒకరు చూసింది ఒకరికి చెప్పుకుంటారు. కట్టిన చిలపను విప్పేటప్పుడు మాత్రం ఎనిమిది మందీ ఒక్కచోట ఉండండి.